రోడ్డా, కాదా? తేల్చి చెప్పండి

ఆ రోజుల్లో రెండు విషయాల్లో నన్ను మించినవాళ్ళు లేరని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఒకటి ఇంగ్లీషు రాయడం, రెండు కారు నడపడం. రాజమండ్రిలో డిగ్రీ చదివి, దోహాలో ఒక పళ్ళ క్లినిక్‌లో రిసెప్షన్ ఉద్యోగం సంపాదించి, ప్రొబేషన్ పూర్తికాకుండానే డ్రైవింగ్ లైసెన్సు చేతిలో పడ్డ పిల్లకి ఆ మాత్రం తలబిరుసు ఉండటంలో వింతేముంది? (లైసెన్సు ఎన్నోసారికి వచ్చిందని మాత్రం అడగకండి. పాస్ చేస్తేగాని ఈ పిల్ల మొహం చూసే బాధ తప్పదనుకుని ఇచ్చేసి ఉంటారని మా బాబాయ్ ఇప్పటికీ అంటాడు.) ఆ రెండు నమ్మకాలూ ఒకే వారంలో ఇసుకలో కూరుకుపోయాయి.

అప్పుడు నేను దోహాలోనే అల్ ఘర్రాఫా అనే పేటలో మా పిన్నీ బాబాయిల దగ్గర ఉండేదాన్ని. ఒక పెద్ద విల్లాకి మధ్యలో గోడలు కట్టి, వాటాలు చేసి అద్దెకిచ్చారు. ముందు వాటా మాది. వెనక వాటాలో మేం కరీంనగర్ వదిన అని పిలిచే ఆవిడ, ఆమె చిన్న కొడుకు. వదిన భర్తకి దూరాన దుఖాన్ అనే ఊళ్ళో డ్యూటీ, సెలవు దొరికినప్పుడు వచ్చి వెళ్ళేవాడు. పెద్ద రోడ్డు మీంచి ఒక పొట్టి సందు లోపలికి వచ్చి మా గేటు దగ్గర ఆగిపోయేది. సందుకి ఒక పక్క ఎవరో పునాదులు తవ్వి వదిలేసిన ఖాళీ స్థలం, అందులో ఇసుక దిబ్బలు. రెండో పక్క పెద్ద రోడ్డు మీదికి గేటున్న ఖతారీల ఇల్లు. ఆ ఇంట్లో డ్రైవర్‌గా పనిచేసే ఆయన రాయచోటి మనిషి కావడంతో మేమంతా ఆయన్ని రాయచోటి అన్న అనేవాళ్ళం. బాబాయ్ ఒక ఆఫీసులో అకౌంటెంటు. ఎవరితోనూ గొడవ పడకూడదన్నది ఆయన జీవితాశయం. పిన్నిది భీమవరం. ఆవిడ జీవితాశయం గురించి వేరే చెప్పక్కర్లేదు, మీకే తెలుస్తుంది.

ఆ వారం షమాల్ వీచింది. ఉత్తరం నుంచి వచ్చే దుమ్ముగాలిని ఇక్కడ అలాగే అంటారు. కిటికీలు మూసినా కంచంలో అన్నం కరకరలాడేది. గాలి తగ్గాక తలుపు తీస్తే పెద్ద రోడ్డు సగం ఇసుక కింద ఉంది. అంతవరకు గాలి తప్పు, దాన్ని మేమేమీ అనలేదు. ఆ మర్నాడు ఇసుక ఎత్తే లోడర్ వచ్చింది. ముందు పెద్ద బకెట్ ఉన్న పసుపు రంగు బండి. చూసి ఎంత సంతోషించామో! అది పెద్ద రోడ్డంతా అద్దంలా గీకి, గీకిన ఇసుకంతా తెచ్చి మా సందు మొదట్లో కుప్ప పోసి వెళ్ళిపోయింది. కారు బానెట్ ఎత్తున గుట్ట. పిన్ని పరుగెత్తుకెళ్ళి అడిగితే, బండి నడిపే నేపాలీ ఆయన పాపం చాలా మర్యాదగా, "యే రోడ్ నై హై, మేడమ్. మేరా డ్యూటీ రోడ్ తక్," అన్నాడట. ఆయన డ్యూటీ రోడ్డు వరకేనట, మాది రోడ్డే కాదట!

ఇక్కడ నా ఇంగ్లీషు రంగంలోకి దిగింది. ఊడ్చే కాంట్రాక్టు తీసుకున్న కంపెనీకి ఫోన్‌లోంచే ఫిర్యాదు పంపే వీలుంది. కూర్చుని ఒక మహాకావ్యం రాశాను. అందులో 'నాట్‌విత్‌స్టాండింగ్' ఉంది, 'హియర్‌ఇన్ఆఫ్టర్' ఉంది. బాబాయ్ చదివి, "కోర్టు నోటీసులా ఉందే, కాస్త మెత్తగా రాయకూడదూ," అని భయపడ్డాడు. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. మీ సమస్య పరిష్కారమైంది, ధన్యవాదాలు అని. కింద సాక్ష్యంగా తళతళలాడే పెద్ద రోడ్డు ఫొటో. ఆ ఫొటోలో ఒక మూల మా గుట్ట కూడా చక్కగా పడింది! మళ్ళీ రాశాను, మళ్ళీ పరిష్కారమైంది. (మా క్లినిక్‌లో కెనడా నర్సు ఒకావిడ ఇదంతా విని పడీపడీ నవ్వింది. వాళ్ళ ఊళ్ళో మంచు తోసే బండి కూడా సరిగ్గా ఇలాగే రోడ్డంతా గీకి వాళ్ళ గేటు ముందే పోస్తుందట. ప్రపంచమంతా ఒకటే కుటుంబం అంటే ఇదే కాబోలు.)

వదిన రోజూ పిల్లాడిని చంకనేసుకుని, వాడి బ్యాగు తలమీద పెట్టుకుని గుట్ట ఎక్కి దిగి స్కూలు బస్సు ఎక్కించేది. ఊళ్ళో అత్తగారికి ఫోన్ చేసి గోడు చెప్పుకుంటే, "దుబాయ్ అంటేనే ఇసుక గదా బిడ్డా, ఇసుక గాక ఇంకేముంటది," అందట ఆవిడ. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆవిడకి దుబాయే. నేనేమో నా కారు గేటు లోపలే వదిలి, ఇస్త్రీ బట్టల్లో గుట్ట దాటి, చెప్పులు దులుపుకుని, టాక్సీ కోసం నిలబడి, క్లినిక్‌కి ఆలస్యంగా చేరేదాన్ని. మా మేనేజర్ ఈజిప్టు ఆవిడ. గడియారం వైపు చూసి ఊరుకునేది. తిడితే బాగుండుననిపించే చూపు అది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకి అలాంటి చూపుల అర్థం బాగా తెలుసు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే నేను తిరిగి రాజమండ్రి చేరుతాను.

ఒకరోజు తెగించి కారు తీశాను. వేగంగా వెళితే గుట్ట దాటేస్తానని నా లెక్క. కారు సగం గుట్ట ఎక్కి, ఒక నిట్టూర్పు విడిచి, అక్కడే కూర్చుంది. నేను తొక్కినకొద్దీ చక్రాలు లోతుకి తవ్వుకున్నాయి. రాయచోటి అన్న పరుగున వచ్చాడు. "యాడికి పోతాండావు పాపా? ఆకాశానికా? దిగు, దిగు. ముందు టైర్లలో గాలి తీయాల." నాలుగు టైర్లలో గాలి తీశాడు. కారు నిజంగానే బయటపడింది, కాకపోతే వెనక్కి. అంటే మా గేటు లోపలికి. ఇప్పుడు గుట్ట గుట్టలాగే ఉంది, కారు ఇంట్లోనే ఉంది, టైర్లలో గాలి లేదు. అన్న బుర్ర గోక్కుని, "ముందుకు వస్తాదనుకున్యా," అన్నాడు. గాలి కొట్టే పంపు ఎవరి దగ్గరో అడిగి తెచ్చేసరికి గురువారం అయింది.

శుక్రవారం అందరికీ సెలవు. మేమే ఆ గుట్ట ఎత్తేద్దామని పిన్ని తీర్మానించింది. పారలు లేవు. డస్ట్‌పాన్, ఇడ్లీ పిండి కలిపే బేసిన్, వదిన పెళ్ళికి వచ్చిన ఇత్తడి పళ్ళెం, ఇవీ మా ఆయుధాలు. బాబాయ్ ఆఫీసు బూట్లు వేసుకునే పక్క ఖాళీ స్థలంలోకి ఇసుక మోశాడు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి నల్లటి తారు కనిపించింది. దాన్ని చూసి పిన్ని, "రోడ్డు కాదన్నారే, మరిదేంటంట? మా నెత్తి మీద జుట్టా?" అంది. అంత అలసటలోనూ కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆ రాత్రి నా చేతులు అన్నం ముద్ద ఎత్తలేకపోయాయి.

శనివారం పొద్దున నాకు డ్యూటీ. తయారై, కారు స్టార్టు చేసి, గేటు దాటానో లేదో, పెద్ద రోడ్డు మీంచి గురగురమని చప్పుడు. లోడర్ వచ్చింది. నా కళ్ళముందే, మేము బేసిన్లతో ఎత్తి శుభ్రం చేసిన చోటే, నిండు బకెట్ ఇసుక బోర్లించి, వెనక్కి తిరిగి ఇంకో బకెట్ తేవడానికి వెళ్ళింది. కారు ఆపి స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. (ఏడవలేదని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఏడ్చాను.)

ఏడుస్తుంటే నా పక్కనుంచి పిన్ని వెళ్ళింది. ఒక చేతిలో తెల్ల ప్లాస్టిక్ కుర్చీ, రెండో చేతిలో వలవాల్సిన గోంగూర కట్టలు. గుట్ట ఎక్కింది, కుర్చీ వేసింది, కాళ్ళు ఇసుకలో పాతుకుని కూర్చుంది, ఆకు వలవడం మొదలుపెట్టింది. వెనకే వదిన ఇంకో కుర్చీతో వచ్చింది. "జరుగు అక్కా, నేను గూడ కూసుంట. ఏం జేస్తడో చూద్దాం."

బాబాయ్ లుంగీలోనే గేటు దాకా వచ్చి తల పట్టుకున్నాడు. "ఏమే, నీకేమైనా పిచ్చా? రోడ్డు మీద కూర్చుంటే పోలీసులొస్తారే! దేశం నుంచి పంపించేస్తారే! ఇది మన భీమవరం కాదు!"

"భీమవరం అయితే ఈపాటికి మున్సిపాలిటీ ముందు టెంటు వేసేదాన్ని. కాదు కాబట్టే కుర్చీ వేశాను," అంది పిన్ని ఆకు వలుస్తూనే. "అయినా నేను రోడ్డు మీద ఎక్కడ కూర్చున్నానండీ? ఇది రోడ్డు కాదని వాళ్ళే చెప్పారు కదా!"

లోడర్ రెండో బకెట్‌తో తిరిగొచ్చింది. గుట్ట మీద ఇద్దరు ఆడవాళ్ళు. బకెట్ గాల్లో, బండి పెద్ద రోడ్డుకి అడ్డంగా ఆగిపోయాయి. పోయడానికి చోటు లేదు, తిరగడానికీ లేదు, ఎందుకంటే ఆ బండి రోజూ తిరిగేది మా సందు మొదట్లోనే. నేపాలీ ఆయన ఇంజిన్ ఆపేసి, ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాడు. వదిన ఆయనకి చాయ్ ఇచ్చింది. ఆయన తాగాడు. ఆయన మీద మాకెవరికీ కోపం లేదు.

తెల్ల హెల్మెట్ పెట్టుకుని ఫోర్‌మన్ వచ్చాడు. ఆయన ఏ ఊరివాడో తెలియదు, ఇక్కడ కూర్చోకూడదు, లేవమని మాత్రం హిందీలో గట్టిగా చెప్పాడు. "అమ్మాజీ, ఉఠో! ఇదర్ బైఠ్‌నా మనా హై. యే రోడ్ హై!"

పిన్ని చేతిలో గోంగూర ఆగిపోయింది. ఆ మొహం వెలిగిపోవడం నేను కారులోంచి చూశాను. "క్యా బోలా? రోడ్ హై? ఏవే, విన్నావా, రోడ్డంట!" అని నా వైపు తిరిగి, మళ్ళీ ఆయనతో, "రోడ్ హై తో సాఫ్ కరో! రోడ్ నై హై తో హమ్ బైఠేగా! తుమ్ బోలో, రోడ్ హై యా నై?" అంది. ఆ హిందీకి వ్యాకరణం లేదు గాని తిరుగు లేదు.

ఫోర్‌మన్ ఇరుక్కున్నాడు. రోడ్డంటే ఊడవాలి, కాదంటే లేవమనే హక్కు లేదు. కారు దగ్గరికొచ్చి, నా మెడలో క్లినిక్ కార్డు చూసి, ఇంగ్లీషులో నాకు హితవు చెప్పాడు. నువ్వు చదువుకున్నదానివి, మీ ఆంటీకి నచ్చచెప్పు, వచ్చే వారం చూస్తాం అని. నేను కారు దిగాను. సారీ సార్ అని మొదలుపెట్టే ఇంగ్లీషు వాక్యం నా నోట్లో సిద్ధంగానే ఉంది. గుట్ట ఎక్కాను. బకెట్ నా తలకి ఎదురుగా ఉంది, అందులోంచి సన్నగా ఇసుక రాలుతోంది. నిన్నంతా మోసిన చేతులు సలుపుతున్నాయి. నోరు తెరిస్తే వచ్చింది ఇంగ్లీషు కాదు.

"జరగం!" అని అరిచాను. "వచ్చే వారం కాదు, ఇప్పుడే! నా ఉద్యోగం పోతే పోనీ, ఇక్కడినుంచి జరగం!"

ఆయనకి తెలుగు రాదు. కానీ బాగా అర్థమైంది, ఒక అడుగు వెనక్కి వేశాడు.

సరిగ్గా అప్పుడే బాబాయ్ వచ్చాడు. చేతులు జోడించి క్షమాపణ అడుగుతాడని నేను, లాక్కుపోతాడని వదిన అనుకున్నాం. ఆయన చేతిలో గొడుగు ఉంది. ఎవరి మొహమూ చూడకుండా గుట్ట ఎక్కి, పిన్ని వెనక నిలబడి, గొడుగు విప్పి పట్టుకున్నాడు. "ఎండగా ఉంది," అన్నాడు అంతే. గొడుగంతా పిన్ని వైపే వంచి, తను ఎండలో నిలబడ్డాడు. పిన్ని తలెత్తి చూడలేదు గాని, ఆ తర్వాత కాసేపు ఒక్క ఆకు కూడా సరిగ్గా వలవలేదు.

ఇంతలో రాయచోటి అన్న వాళ్ళ యజమాని పెద్ద కారు తెచ్చి లోడర్ వెనక ఆపి, హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. "క్యా భాయ్! మామా వెయిటింగ్! అర్జెంట్! యల్లా, యల్లా!" అని ఫోర్‌మన్ మీద కేకలు. అటు అరుస్తూ, ఇటు మావైపు తిరిగి, లేవొద్దని కళ్ళతో సైగ. ఆ కారు వెనక ఇంకో కారు, దాని వెనక వాటర్ ట్యాంకరు. అందరూ హారన్లే. (అన్న కారులో ఎవరూ లేరు. మామా అంటే యజమాని ఇంటి పెద్దావిడ, ఆవిడ ఆ టైముకి హాయిగా నిద్రపోతోందని తర్వాత చెప్పాడు.)

ఫోర్‌మన్ హెల్మెట్ తీసి చెమట తుడుచుకున్నాడు. ఫోన్ చేశాడు. పక్కకెళ్ళి ఇంకెవరికో చేశాడు. ఆఖరికి వచ్చి, "ఠీక్ హై. రోడ్ హై," అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. పిన్ని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "క్యా?" అంది. పాపం, మళ్ళీ చెప్పాడు.

టిప్పర్ వచ్చేదాకా మేము కుర్చీలు దిగలేదు. అది వచ్చాక గుట్ట మొత్తం ఎత్తి, సందులో ఇసుకంతా మా గేటు దాకా గీకేశారు. ఎంత బాగా గీకారంటే గోడవారగా పిన్ని పెంచుకున్న పుదీనా మడి కూడా టిప్పర్‌లోకి వెళ్ళిపోయింది. పిన్ని రుసరుసలాడుతూ మళ్ళీ కుర్చీ అందుకోబోయింది. బాబాయ్ గొడుగు ముడుస్తూ, "పుదీనా నేను తెస్తాను, ఇవాల్టికి ఇక చాలు," అని బతిమాలాడు.

క్లినిక్‌కి చేరేసరికి సగం పొద్దు గడిచింది. ఎందుకు ఆలస్యమని మేనేజర్ అడిగింది. అబద్ధాలేవీ గుర్తుకు రాలేదు. "మా రోడ్డు ఊడ్పించి వస్తున్నాను," అన్నాను. ఆవిడ నా జుట్టు చూసింది, భుజాల మీద ఇసుక చూసింది, నా మొహంలో ఇంకా దిగని కోపం చూసింది. "ముందు వెళ్ళి మొహం కడుక్కో. ఆ కళ్ళతో కౌంటర్‌లో కూర్చుంటే పేషెంట్లు పారిపోతారు," అంది. ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత షమాల్ వచ్చినప్పుడల్లా లోడర్ మా సందుకి వచ్చేది. నేపాలీ ఆయన ముందుగా ఒక హారన్ కొట్టి, గేటు దగ్గర కుర్చీలు లేవని చూసుకుని మరీ పని మొదలుపెట్టేవాడు.

ఇప్పుడు పిన్నీవాళ్ళు వేరే పేటకి మారారు. నేను అదే క్లినిక్‌లో మేనేజర్‌నయ్యాను. మొన్న పనిమీద అటు వెళ్ళి కారు ఆపి చూశాను. సందంతా ఇటుకలు పరిచారు, దీపాలు పెట్టారు, ఖాళీ స్థలంలో ఇల్లు లేచింది. ఎవరు కావాలని ఒక వాచ్‌మన్ అడిగితే ఎవరూ వద్దని చెప్పి కారెక్కాను. ఈమధ్య నేను మీటింగుల్లో చాలా మర్యాదగా ఉంటున్నాను. తప్పని తెలిసిన మాటకి కూడా తలూపి, చూద్దాం సార్ అంటున్నాను. జుట్టునిండా ఇసుకతో, ఎత్తిన బకెట్ ముందు నిలబడి తెలుగులో అరిచిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎక్కడైనా కనిపిస్తే, నెలకి ఒక్క మీటింగుకైనా నా బదులు వెళ్ళి కూర్చోవే అని అడుగుదామని ఉంది.