వక్కాకు తిత్తిలో బెల్లం

అమ్మకు షుగరు వచ్చిన పన్నెండేళ్లలో, ఆమె ఏం తినాలన్న దాని మీద నేనూ చెల్లెలూ పోట్లాడుకోని నెల లేదు. తినాల్సిన మనిషిని మాత్రం ఇద్దరం ఏనాడూ అడగలేదు.

నాది మదనపల్లె. చెల్లెలిది కుప్పం. అమ్మకు పుంగనూరులో సొంత ఇల్లు ఉన్నా, కొన్నాళ్లు నా దగ్గర, కొన్నాళ్లు దాని దగ్గర గడిపేది.

చెల్లెలి దగ్గర అంతా కొలత. చిన్న గిన్నెడు అన్నం, లేదంటే సగం ముద్ద సంగటి, పప్పు, ఆకుకూర, టైముకు మాత్ర. పండగనాడు బొబ్బట్టులాంటి తీపి ఓళిగ ఒకటి కూడా పెట్టేది. ఎందుకే అంటే, "అన్నీ కొంచెం కొంచెం తిననీక్కా. నోరు కట్టేసి ఆమెను బతికించి ఏం జేస్తావు?" అనేది.

నాకు ఒళ్లు మండేది. నేను సెల్లులో వీడియోలు చూసి అంతా నేర్చేసుకున్నదాన్ని మరి! మావైపు వాళ్లంతా రాగిసంగటి షుగరుకు మందని చెప్పి పిల్లకాయ తలకాయంత ముద్దలు మింగుతారు. ఆ మాట వింటేనే నాకు కోపం. నా ఇంట్లో అన్నం లేదు, సంగటి లేదు, చపాతీ లేదు. గుడ్లు, కూరగాయలు, మజ్జిగ, అంతే. అమ్మ కంచం వైపు చూసి, "ఏమ్మా, కోడికి గూడా ఇన్ని గింజలేస్తారే" అని నవ్వేది. నవ్వుతూనే తినేది.

ఈసారి నా దగ్గరికి వచ్చిన పది రోజుల్లో షుగరు పరీక్షలో అంకె బాగా దిగింది. ఆ కాగితం ఫొటో తీసి చెల్లెలికి పంపాను. కింద 'సూసినావా?' అని పెట్టాను. అది వెంటనే, 'మాత్రల గురించి డాక్టరును అడిగినావా?' అని తిరిగి పంపింది. నా గొప్ప ఒప్పుకోలేక కుళ్లుకుంటోంది అనుకున్నాను. ఆ తర్వాత అది ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

అమ్మకు ఒక కట్టుబాటు ఉండేది. ఒక కూతురి ఇంట్లో ఇంకో కూతురి ఊసు ఎత్తేది కాదు. కుప్పంలో ఏం తిన్నావని నేను గుచ్చి గుచ్చి అడిగినా, "ఆడిది ఆడనే, ఈడిది ఈడనే" అని ఆకు నములుకుంటూ కూర్చునేది. మేమిద్దరం దాన్ని పట్టుకుని మళ్లీ తగవు పెట్టుకుంటామని ఆమె భయం.

ఆ రోజు పుంగనూరు ఇంటికి సున్నం కొట్టించాలని బయలుదేరింది. పొద్దున మాత్ర వేసుకుంది. ఒక గుడ్డు తిని చాలంది. నేను సంచి సర్దుతూ ఆమె వక్కాకు తిత్తి తీశాను. నడుముకు దోపుకునే ఆ గుడ్డసంచి ఎప్పటికంటే బరువుగా అనిపించింది. ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ, వాటి అడుగున కాగితంలో మడిచిన నాలుగు బెల్లం గడ్డలు.

"దొంగతనంగా బెల్లం తింటాండావా?" అని అరిచాను. "ఇంత కష్టపడి నేను దించితే, నువ్వు సాటుగా ఎక్కించుకుంటాండావా?"

"ఉండనీ పాపా. అది తినేదానికి గాదు."

"తినేదానికి గాకపోతే యాల? నొసటికి పూసుకునేదానికా?"

అమ్మ ఏదో చెప్పబోయింది. నా ముఖం చూసి ఆగిపోయింది. "పోనీలే" అని తిత్తి తాడు బిగించి నడుముకు దోపుకుంది. నేను వీధిలోకి పోయి, తిత్తిలోంచి తీసేసుకున్న ఆ నాలుగు గడ్డలూ కాలువలో పారేశాను. బస్సెక్కించేటప్పుడు కూడా ముఖం ముడుచుకునే ఉన్నాను. అమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, "టైముకు తినమ్మా" అని నాకే చెప్పింది.

పుంగనూరు బస్టాండులో అందరూ దిగినా ఆమె దిగలేదు. నిద్రపోతోందనుకుని కండక్టరు తట్టి చూస్తే, చీర కొంగు చెమటతో తడిసిపోయి ఉందట. ఆమె సెల్లులో నా నంబరుకు ఫోన్ చేశాడు. నేను ఆసుపత్రికి చేరేసరికి గ్లూకోజు ఎక్కిస్తున్నారు. "షుగరు బాగా పడిపోయిందమ్మా. శానాసేపయింది. తిండి ఇంత తగ్గించినోళ్లు మాత్ర గూడా తగ్గించాల గదా, ఎవురూ సెప్పలేదా?" అన్నాడు డాక్టరు. చెప్పారు. నేనే వినలేదు.

సాయంత్రానికి కుప్పం నుంచి చెల్లెలు వచ్చింది. ఏడవలేదు, నన్ను పలకరించలేదు. నేరుగా అమ్మ సామాన్ల దగ్గరికి పోయి వక్కాకు తిత్తి విప్పింది.

"బెల్లం యాడక్కా?"

నేను గ్లూకోజు సీసా వైపు తల తిప్పుకున్నాను.

"సేతులు వణికినా, సెమటలు పట్టినా ఎంటనే నోట్లో ఏసుకోమని మా కుప్పం డాక్టరు సెప్పినాడు. నేనే కాగితంలో సుట్టి పెట్టినా. నీకు సెబుదామని ఎన్నిసార్లు ఫోన్ జేసినా! నువ్వు ఎత్తితే గదా."

నాలుక మీదికి నిజం వచ్చింది. దాన్ని మింగేసి, "ముందే తినేసిందేమోలే" అన్నాను.

చెల్లెలు తిత్తిని ఒళ్లో పెట్టుకుని తాడు మళ్లీ బిగించింది. "అయ్యుంటాది. ఎన్ని దినాలు నోరు కట్టుకోనుండాదో, పాపం" అని అప్పుడు ఏడ్చింది.

అమ్మ మళ్లీ కళ్లు తెరవలేదు. నాలుగో రోజు పోయింది. కర్మనాడు వచ్చినవాళ్లంతా, ఆపదకు దాచిన బెల్లం ముందే తినేసిందని, తీపి మీద ఆశే ఆమెను తీసుకుపోయిందని చెప్పుకున్నారు. నేను వాళ్ల ఆకుల్లో పాయసం వడ్డిస్తూ తల ఊపాను. పన్నెండేళ్లు నవ్వుతూ నోరు కట్టుకున్న మనిషికి, పోయాక తిండిపోతు పేరు తెచ్చిపెట్టాను.

చెల్లీ, నీకు ఫోన్ చేసి చెప్పే ధైర్యం ఇప్పటికీ రాలేదు. అందుకే రాస్తున్నాను. అమ్మ తినలేదే. నాలుగు గడ్డలూ నువ్వు చుట్టిచ్చినట్టే ఉన్నాయి, ఒక్కదానికి కూడా పంటిగాటు లేదు. కాలువలో పారేసింది నేను.