బర్మా రాణిని చంపిన కమిటీ

2012 మార్చిలో వచ్చిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అప్పుడు అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అక్కడి తెలుగువాళ్ల మహిళా దినోత్సవంలో ఆడపిల్లలు ఒక్కో రాణి వేషం కట్టి ఏకపాత్రాభినయం చేయాలన్నారు. పదకొండేళ్ల మా మనవరాలు ఎవరూ వేయని రాణి కావాలంది. ముప్పై రెండేళ్లు చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని. పద్నాలుగో శతాబ్దపు బర్మా పట్టపురాణి కథ రాసిచ్చాను. ఒకరి తర్వాత ఒకరుగా నలుగురు రాజులకు ఆమె రాణి. 1364 ఒక్క ఏడాదిలోనే ముగ్గురి పక్కన కూర్చోవలసి వచ్చింది. సింహాసనంతో పాటు ఆమెనూ తీసుకున్నారు. 1367లో నాలుగో రాజు మశూచితో పోతూ, ఆమె ఇంకొకడికి దక్కకూడదని, చంపి రమ్మని తన అంగరక్షకుణ్ణి పంపాడు. అతను చంపలేదు. ఇద్దరూ కలిసి వెళ్లిపోయారు.

ఆరు వారాలు సాధన చేయించాను. రిహార్సల్ రోజున కమిటీ ఆవిడ నా కాగితాలు నా చేతిలో పెట్టింది.

“ఆంటీ, నలుగురు హస్బెండ్స్ అంటే పిల్లల ముందు బాగోదు. ఒక్క రాజునే ఉంచాం. ఆయన పోగానే మంటల్లో దూకేస్తుంది. ఎండింగ్ అదిరిపోతుంది!”

“ఆమె దూకలేదమ్మా. బతికింది.”

“ఎవరికి తెలుస్తుంది ఆంటీ? బర్మావాళ్లెవరూ రావట్లేదులెండి.”

పక్కనున్నవాళ్లు నవ్వారు. మార్చకపోతే స్లాట్ ఇవ్వం అన్నారు. అయితే మానేస్తామన్నాను. మనవరాలు నా కొంగు పట్టుకుంది.

“అమ్మమ్మా, ప్లీజ్. ఫ్రెండ్స్ అందరికీ చెప్పేశా. నేను ఆ ఫైర్ సీనే చేస్తా.”

కార్యక్రమం రోజున దాని మెడలో పసుపుతాడు వేశారు. నారింజరంగు కాగితాల మంటలోకి కళ్లు మూసుకుని నడిచింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. చచ్చిపోతున్న రాజు చేయించలేకపోయిన పనిని వీళ్లు మహిళా దినోత్సవం బ్యానరు కింద, సమోసాలు తింటూ చేయించారు. నేను చేతులు కదపలేదు.

కారులో మనవరాలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

“అందరూ క్లాప్ చేశారు. నువ్వొక్కదానివే చేయలేదు. నేను చూశా.”

“నీ మీద కోపం కాదే. ఆ రాణిని చంపినందుకు.”

“స్టేజ్ మీద ఉన్నది నేను కదా అమ్మమ్మా.”

ఆ హాల్లో మైకు నాకు నాలుగడుగుల దూరంలోనే ఉంది. లేచి కమిటీని అడగవలసినదాన్ని, కూర్చుని పసిదాని మీద కోపం చూపించాను.