వేడికి నిలవని నీలం

మొన్న ఒంగోలులో ఒక మిఠాయి దుకాణంవాళ్లు కొత్త రకం అంటూ నీలం రంగు పాలు చేతికిచ్చారు. యాలకుల వాసన, పైన పొగలు. అంత వేడిలోనూ నీలం చెక్కుచెదరలేదు. తాగకుండా గ్లాసు బల్ల మీద పెట్టేశాను. సుభద్ర మేడమ్ గుర్తొచ్చారు.

ఆవిడ కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరై, నల్లపాడు దగ్గర తొట్లలో స్పిరులినా అనే నాచు పెంచేవారు. ఆ ఆకుపచ్చ నాచును నీడలో ఆరబెట్టి, నీళ్లలో నానబెట్టి, వడకడితే నీలం దిగుతుంది. దాన్ని ముద్దగా చేసి, ఆరబెట్టి పొడి చేస్తే ఐస్‌క్రీముల్లో వాడతారు. ఆవిడ దగ్గర మొదటి ఉద్యోగిని నేనే. మిరప రైతు కూతుర్ని కదా, ఏదైనా సరే ఎండలో పరిస్తే బాగుపడుతుందనే తెలుసు నాకు. మేడమ్‌కి ఒక పట్టుదల ఉండేది. సరుకు గేటు దాటేముందు, చేసినవాళ్లే దాన్ని పాలల్లో కలుపుకుని ఆవిడ ఎదుట తాగాలి.

మొదటి పెద్ద ఆర్డరు వచ్చిన వారం ఆవిడ ఊరెళ్లారు. నీడగదిలో ఫ్యాన్ల కింద నీలం ముద్ద ఎంతకీ ఆరడం లేదు. మర్నాడే సరుకు వెళ్లాలి. పళ్లాలన్నీ డాబా మీద ఎండలో పెట్టేశాను. మధ్యాహ్నానికి నీలం పోయి బూడిదరంగు మిగిలింది. కొంప మునిగిందనుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయంతో బజారుకు పరుగెత్తి, కేకుల్లో వేసే రంగుపొడి తెచ్చి కలిపేశాను. సిగ్గుపడాల్సింది పోయి, నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మర్నాడు నేను పాలు కలుపుకుంటే, ఊరి నుంచి తిరిగొచ్చిన మేడమ్ గ్లాసును చాలాసేపు చూశారు. మరీ మెరుస్తోంది. ఆ పాలు గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టారు. పొంగొచ్చింది. నీలం అలాగే ఉంది.

"మనది వేడి తగిలితే పోతుందమ్మాయ్. ఇది పోలేదేం?"

"ఎండలో పెట్టానండీ. పాడైపోయింది. అందుకని రంగు కలిపాను" అంటూ ఏడ్చేశాను.

"ఏడుపు తర్వాత. ముందు ఆర్డరిచ్చినవాళ్లకి ఫోన్ చెయ్."

"మీరు చెయ్యండి మేడమ్, నా వల్ల కాదు."

"ఎండలో పెట్టింది నేనా? నువ్వే చెప్పు. రంగు కలిపిన సంగతి కూడా."

చెప్పాను. ఆర్డరు పోయింది. ఆవిడ మాత్రం, "రేపు ఆరింటికల్లా రా, నాచు తియ్యాలి" అన్నారంతే. నాకు ఒళ్లు మండింది. తిట్టి పంపేసినా తేలిగ్గా ఉండేది.

మేడమ్ పోయి రెండేళ్లయింది. ఆ తొట్లు ఇప్పుడు నేనే చూస్తున్నాను. పోయిన నెల కరెంటు లేక ఫ్రిజ్‌లో సరుకు చెడింది. ఎవరూ చూడలేదు. కొనేవాళ్లకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఫోన్ పెట్టేసి, ఎవరూ లేని గదిలో పైకే అన్నాను.

"చెప్పేశానండీ, మేడమ్."