సినిమా కథకు ఊఁ కొట్టిన సిద్దిరాములు

సిరిసిల్లలో మా పక్కింటి లింగమూర్తికి సినిమా కథల పిచ్చి. మగ్గం ఎక్కాల్సిన వయసులో కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడని వాడకట్టంతా నవ్వేది. నేనూ నవ్వాను, దాచడమెందుకు? పంతొమ్మిది వందల అరవైనాలుగు నాటి మాట ఇది. కరీంనగర్‌లో ఆడిన ప్రతి జానపద చిత్రమూ చూసొచ్చి, "అన్నీ కత్తియుద్ధాలేనాయె, పిల్లలకేమున్నదే గిండ్ల?" అని తిట్టుకునేవాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే మాయల కథ రాయాలని వాడి పంతం. రాశాడు కూడా. చూపులేని ఓ అవ్వ మబ్బుల్ని వడికి నూలు తీసి చీర నేస్తుంది. దాన్ని రాక్షసుడు ఎత్తుకుపోతాడు. ఆమె మనుమడూ మనుమరాలూ మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె మీదెక్కి ఆకాశంలో ఎగురుకుంటూ పోయి చీరను తిరిగి తెస్తారు.

ఆ కథ అంత బాగా కుదిరిందంటే వాళ్ల బాపు సిద్దిరాములు వల్లే. మా దగ్గర కథ చెప్పేవాడికి ఎదురుగా ఒకరు ఊఁ కొట్టాలి. ఊఁ వినపడలేదంటే వినేవాడు నిద్రపోయినట్టే, కథ ఆపేస్తాం. బాపు నేస్తూ ఊఁ కొట్టేవాడు, కొడుకు చెప్పేవాడు. ఊఁ నీరసపడిన చోటల్లా లింగమూర్తి ఆ పేజీ కొట్టేసి మళ్లీ రాసేవాడు. పెద్దాయన ఎన్నడూ బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

కథ పట్టుకుని లింగమూర్తి ఎక్కని టాకీసు గడప లేదు. టికెట్లు చింపేవాడు దొరికినా నిలబెట్టి చెప్పేవాడు. చివరికి కరీంనగర్‌లో ఓ టాకీసు మేనేజరు హనుమండ్లు కరుణించాడు. మద్రాసు నిర్మాత ఒకాయన ఊళ్లో ఓ పెళ్లికి వస్తున్నాడనీ, ఓ అరగంట కథ వినేలా చూస్తాననీ మాటిచ్చాడు. ఆయన సరేనంటే మద్రాసు, కాదంటే ఇంటికొచ్చి గుంటమగ్గం ఎక్కడమే. లింగమూర్తి బాపును వెంటబెట్టుకుని బస్సెక్కాడు. ఊఁ కొట్టే మనిషి లేకుండా కథెలా చెప్తాడు మరి!

అక్కడ జరిగిందంతా తర్వాత వాడే చెప్పాడు. పెళ్లివారింటి హాల్లో నిర్మాత, ఆయన మనుషులు కూర్చున్నారు. లింగమూర్తి మొదలుపెట్టాడు. "ఊఁ" అన్నాడు బాపు. ఇంకో మాటకు ఇంకో ఊఁ. కథ జోరందుకుంది. అంతలో నిర్మాత మనుషుల్లో సిల్కు చొక్కావాడొకడు కిసుక్కున నవ్వాడు.

"పెద్దాయనకి ఒంట్లో బాగోలేదా ఏంటండీ? ఒకటే మూలుగుతున్నారు."

లింగమూర్తి మొహం కందిపోయింది. తండ్రి వైపు తిరిగి, "బాపూ, జర బయటికి పోయి కూసో. నా ఇజ్జత్ తీస్తున్నవ్" అన్నాడు. అంతమందిలో! ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పెద్దాయన తువ్వాల భుజాన వేసుకుని లేచి వెళ్లిపోయాడు.

ఇక చూడాలి వీడి అవస్థ. ఓ మాట చెప్పి ఆగుతాడు, ఎవరూ ఊఁ అనరు. నిర్మాత గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కదలకుండా చూస్తున్నాడు. కథ నచ్చలేదు కాబోలని లింగమూర్తి గాబరాపడ్డాడు. అవ్వ మబ్బులు వడకడం సగంలో వదిలేశాడు. అయినా చప్పుడు లేదు. నాడె ఎగరడం రెండు ముక్కల్లో తేల్చేశాడు. రాక్షసుణ్ని నిలబెట్టి చంపేసి, దండం పెట్టి కూర్చున్నాడు.

నిర్మాత నిట్టూర్చాడు. "మొదట్లో ఎంత బాగా చెప్పారండీ! ఊపిరి బిగబట్టి విన్నాను. మధ్యలో ఏమొచ్చింది మీకు? మీ కథ మీద మీకే నమ్మకం లేకపోతే నేనెలా తీస్తాను?" అని లేచిపోయాడు.

నచ్చినా నోరు మూసుకుని వినేవాళ్లుంటారని వీడికేం తెలుసు, పాపం!

బయట అరుగు మీద బాపు లేచి నిలబడ్డాడు. "ఏమన్నడు బిడ్డా?"

"వద్దన్నడు."

"నేను ఊఁ కొట్టుడుతోనే ఖరాబైందా?"

కాదు అన్న ఒక్క మాట లింగమూర్తికి నోట రాలేదు. సిరిసిల్ల బస్సు కోసం ముందు నడిచాడు.

కొన్నాళ్లకు నా దగ్గరికొచ్చి బోరుమన్నాడు. "సిగ్గుతోని సచ్చిపోతున్ననే అన్నా. ఆయన ఊఁ అన్నంత సేపే నా కథ నిలవడ్డది. ఆయన్నే బయటికి పంపిన. తప్పంత తన మీదేసుకుంటే మూగోని లెక్క నిలవడ్డ."

"నాకెందుకు చెప్తున్నవ్‌రా? పోయి ఆయనకు చెప్పు! ఇప్పుడే పో!" అని గదమాయించాను.

వెళ్లాడు. గోడ ఇవతల నేను చెవులు రిక్కించాను. మగ్గం ఆడుతోంది. ఉన్నమాట చెప్పే ధైర్యం చాలలేదేమో, కథలా ఎత్తుకున్నాడు.

"బాపూ, ఒక ఊళ్లె ఒక కొడుకున్నడట. ఆని తోని వాళ్ల బాపు పట్నం పోయిండట."

ఊఁ రాలేదు.

"ఆ కొడుకు మస్తు పెద్ద తప్పు చేసిండట."

మగ్గం చప్పుడు కూడా ఆగిపోయింది.

"బాపూ, ఇంటున్నవా?"

"ఇంటున్న బిడ్డా, చెప్పు. నేనేం సప్పుడు చెయ్య."