పాడేరు నెట్ సెంటర్‌లో మా వాన పేజీ

ఎవరూ చదవని పరిశోధన జరిగినట్టా, జరగనట్టా? ఏళ్ళుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. జి.మాడుగుల కొండల్లో వానల తీరు ఎలా మారుతోందో చిలకమ్మ అనే రైతు తన చేలో పెట్టిన వాన డబ్బాలో రోజూ కొలిచి చెబుతుంది. మేం దాన్ని మా యూనివర్సిటీ వెబ్ పేజీలో పెడతాం. ఇంటర్నెట్లో ఎవరూ చూడని పేజీలు మూసేస్తామని, వాటి వెనకున్న పరిశోధనలూ ఆపేస్తామని ఈ ఏడాది మా కమిటీ తేల్చింది. సరిగ్గా అప్పుడే మా పేజీ చూసేవాళ్ళ సంఖ్య ఉన్నట్టుండి పెరిగింది. అందరూ అభినందించారు. నాకే నమ్మకం కుదరలేదు. మా కంప్యూటర్ గదిలో పనిచేసే అమ్మాయి వెతికి, దాదాపు అందరూ పాడేరులోని ఒకే నెట్ సెంటర్ నుంచి చూస్తున్నారని తేల్చింది.

ఉదయం ఏడింటికి విశాఖలో పాసింజర్ ఎక్కితే పదకొండు దాటాక అరకులో దిగాను. అక్కణ్ణుంచి పాడేరుకి బస్సులో రెండు గంటలు, టిక్కెట్టు పాతిక రూపాయల లోపే. నెట్ సెంటర్ బస్టాండ్ వెనకే. నాలుగు కంప్యూటర్లు, నాలుగింటి మీదా మా పేజీయే!

"ఏటి మేడం, దీనికోసమే ఇంత దూరం వచ్చీసారా?" అన్నాడు దాని యజమాని రాంబాబు. "అందులో మా పిన్ని చిలకమ్మ పేరుంది కదండి. ఏది తెరిసినా ముందు అదే రావాలని ఎట్టీసాను."

"చదువుతారా ఎవరైనా?"

"రిజల్ట్స్ పేజీ రావడానికి అరగంట. అందాకా ఏటి సేస్తారు?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా గొప్ప సంఖ్య ఇదన్నమాట. ఇంతలో పక్క కుర్చీలో రిజల్ట్ కోసం కూర్చున్న ఇంటర్ అమ్మాయి నా వైపు తిరిగింది. "ఇది మీరు రాసిందేనా మేడం? తప్పుంది. పోయినేడు సామలు వాన లేక ఎండిపోయాయని రాశారు. మా ఊళ్ళో ఎండలేదు, కుళ్ళిపోయాయి."

ఎన్నో సదస్సుల్లో ఇదే విషయం చదివి వినిపించాను. ఒక్కరూ ఆ తప్పు పట్టుకోలేదు.

పది రూపాయలిచ్చి జీపులో ఇరుక్కుని జి.మాడుగుల చేరి, మూడు కిలోమీటర్లు నడిచాను. చిలకమ్మ చోళ్ళ చేలో, అంటే రాగి చేలో, ఉంది. ఆ అమ్మాయి ఊరి పేరుతో సహా విషయం చెప్పాను.

"ఆ పిల్లగుంట సెప్పింది నిజమే. ఆళ్ళది పల్లం. నాకు పైన సినుకు లేదు, ఆళ్ళకి ఒక్క పూటలో అంతా కురిసేసింది."

"మరి నాకెందుకు చెప్పలేదప్పా?"

"నువ్వడిగింది నా డబ్బాలో నీళ్ళే కదేటి!"

పని ఆగిపోవచ్చని కూడా చెప్పేశాను. ఆమె కొడవలి దించలేదు. "మీవోళ్ళు సూడకపోతే వాన పడ్డం మానేత్తాదా? డబ్బా మటుకు తీయనివ్వను. బేగి ఎల్లు, జీపు పోతాది."

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: జి.మాడుగులకి సంత రోజున వెళ్ళండి. మిగతా రోజుల్లో జీపు నిండేదాకా కదలదు. సాయంత్రం నాలుగు దాటితే తిరుగు బండి దొరకడం కష్టం.

కమిటీకి ఉన్నదున్నట్టు రాస్తున్నాను, సంఖ్య ఎలా పెరిగిందో కూడా. మూసేయమంటే ఒప్పుకోను. పల్లంలో పెట్టడానికి ఇంకో వాన డబ్బా అడుగుతున్నాను. చూసినవాళ్ళు తక్కువని వద్దనేవాళ్ళు ఆ చేలోకి వచ్చి చిలకమ్మతోనే చెప్పాలి. ఇంతవరకూ ధైర్యంగానే ఉన్నాను. నివేదికలో 'పాఠకులు' అనే గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. నెట్ సెంటర్‌కి వచ్చిన అందరినీ అందులో వెయ్యాలా, తప్పు పట్టుకున్న ఆ ఒక్క అమ్మాయినే వెయ్యాలా అన్నది నాకు నిజంగా తేలడం లేదు.