ట్యాంకు నిండినా ఆగని మోటారు

మార్కాపురంలో ఇంతమంది డాక్టర్లున్నారు, ఇన్ని స్కానింగు సెంటర్లున్నాయి. అయినా మా ఆవిడ మెడలో దాక్కున్న దొంగను పట్టుకున్నది మాత్రం నేనే. ఈ మాట బస్సులో పక్క సీటాయనకు చెప్పాను, టీ దుకాణంలో చెప్పాను, వియ్యంకుడికైతే రెండుసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కథలో నేను కొంచెం పెరిగాను, డాక్టరమ్మ కొంచెం తగ్గింది. తీరా కాగితం మీద పెట్టబోతే చెయ్యి ఆడటం లేదు. వీలైనంతవరకు జరిగింది జరిగినట్టే రాస్తాను.

మాది పుల్లలచెరువు వైపు పల్లె. మా దగ్గర ఎవరికైనా మోకాళ్లు పట్టేశాయంటే ఎప్పటినుంచి అని అడగరు, ఏ బోరు నీళ్లు తాగుతున్నావని అడుగుతారు. పళ్ల మీది గార చూసి మనిషిది ఏ ఊరో చెప్పగలం. ఫ్లోరైడు ఎముకల్లోకి దిగాక ఇక చేసేదేమీ లేదని అందరికీ తెలుసు. అందుకే మా ఆవిడకు నడుము, మోకాళ్లు, మణికట్లు వరసగా నొప్పి పెట్టడం మొదలైతే ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేను మందుల షాపు నుంచి కాల్షియం గోలీలు తెచ్చాను. పక్కింటివాళ్లు రాగిజావ పంపారు. నీళ్లే విషం కదా అని ఆమె ఏకంగా నీళ్లు తాగడమే తగ్గించింది. నాలుక పిడచగట్టుకుపోతున్నా సరే, క్యాను నీళ్లు కూడా మందు తాగినట్టు గుక్కెడే తాగేది.

ఆమెకు రెండు బర్రెలున్నాయి. మాకు అనడం లేదు, గమనించండి. నేను పొదుగు దగ్గర కూర్చుంటే కాలు విదిలిస్తాయి. ఆమె గొంతు వింటే చాలు, పాలు చేపుకొస్తాయి. ఒకనాడు పాలు పితుకుతుంటే వేళ్లలో పట్టు తప్పి చెంబు బోర్లాపడింది. ఇక చాలు, అమ్మేద్దామన్నాను. కొమరోలు బేరగాడికి ఫోను కూడా చేశాను.

ఆమె కళ్లనీళ్లు పెట్టుకోలేదు. "మార్కాపురం పోయి ఒకసారి చూపిచ్చుకుందాం. నీళ్ల నొప్పులే అంటే అప్పుడు తోలకపోమను," అంది. అలా ఆ రెండు బర్రెలూ డాక్టరు నోటి మాట మీద నిలబడ్డాయి.

డాక్టరమ్మది మా మనవరాలి వయసు. కుర్చీలో సర్దుకోకముందే నేను తీర్పు చెప్పేశాను.

"నీళ్ల నొప్పులమ్మా. ఏదో ఒక సూదేసి పంపిచ్చు."

"నొప్పులు నీకా తాతా, అవ్వకా?"

"ఆమెకే."

"అయితే ఆమెను చెప్పనియ్యి."

నేను దొంగను పట్టుకున్న తీరు ఇదీ. నిజానికి ఆ పూట గదిలో దొంగకు అడ్డంగా నిలబడింది నేనే.

మా ఆవిడ చెప్పుకుంటూ పోయింది. నొప్పులు, మలబద్ధకం, తీరని దప్పిక, పొద్దస్తమానం నీరసం, మతిమరుపు. లేవబోతూ, కిడ్నీలో రాళ్లు రెండుసార్లు వచ్చాయని కూడా చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను అక్కడ ఆగింది. రక్తంలో కాల్షియం చూడమంది. చూస్తే ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంది.

"నీళ్ల జబ్బులో కాల్షియం మామూలుగా ఇట్ల పెరగదు. కానీ ఒక్కసారి చూసి చెప్పలేను. ఆ గోలీలు ఆపి, నీళ్లు బాగా తాగి, కొన్నాళ్లాగి పరగడుపున రండి. ఈసారి కాల్షియంతో పాటు పారాథైరాయిడ్ హార్మోను కూడా చూద్దాం."

"నీళ్లు తాగాలనా? నీళ్లతోనే గదా పాపా ఈ గోలంతా!"

"క్యాను నీళ్లే తాగవ్వా, కానీ కడుపునిండా తాగు. నువ్వు ఎండగట్టుకుంటే కాల్షియం ఇంకా పెరుగుతాది."

రెండోసారి పోయినప్పుడు, ల్యాబులో రబ్బరు పట్టీ కట్టగానే మా ఆవిడ పిడికిలి బిగించి విప్పడం మొదలుపెట్టింది. అచ్చం పొదుగు పిండినట్టే. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"పిండగాకవ్వా! పట్టీ బిగించి పిడికిలి ఆడిస్తే కాల్షియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాది."

పట్టీ వదులు చేయించి, చెయ్యి ఊరికే చాపించి రక్తం తీయించింది. ఆ రక్తం ఐసు డబ్బాలో పట్నం ల్యాబుకు బయల్దేరింది. బయటికి వచ్చాక నేను ఊరుకోకుండా, "పోయినసారీ అట్లనే పిండినావు. ఆ ఎక్కువంతా పిడికిలిదేనేమో," అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. పిడికిలిదే అయితే మళ్లీ నీళ్ల నొప్పులే, బర్రెలు కొమరోలుకే. తనకు ఏదో ఒక జబ్బు తేలాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్న మనిషిని నేను ఆరోజే చూశాను.

కాగితాలు వచ్చాయి. కాల్షియం ఎక్కువే. హార్మోనూ ఎక్కువే.

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "మెడలో థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం తగ్గితే ఈ హార్మోను వదిలి ఎముకల్లోంచి తెచ్చి పోస్తాయి. ఎక్కువైతే గమ్మునుండాల. నీకేమో ఎక్కువుండాదవ్వా, అయినా గమ్మునుండటం లేదు."

నేను అర్థమైనట్టు తలాడించాను. మా ఆవిడ మాత్రం కాసేపు ఆలోచించి అంది: "ట్యాంకు నిండి పొర్లతా ఉన్నా మోటరు ఆగలేదంటావు."

"అదే!"

"ఆడ బోరేమో ఎండిపోతా ఉంటాది."

"నీ ఎముకలేనవ్వా, ఆ బోరు."

ఈ మోటారు పోలిక మా ఊళ్లో నా పేరు మీద చెలామణిలో ఉంది. నాది కాదు. ఆమెది.

ఆ పరీక్షను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పంచాయితీలో ఇద్దరినీ విడివిడిగా అడిగితే ఇద్దరూ మంచివాళ్లే. ఎదురెదురుగా కూర్చోబెడితేనే తలొంచుకోవాల్సినవాడు ఎవరు ఒంచుకోలేదో తెలుస్తుంది. కాల్షియాన్నీ హార్మోన్నీ డాక్టరమ్మ అట్లా కూర్చోబెట్టింది. కాల్షియం పెరిగితే తగ్గాల్సిన హార్మోను తలెత్తుకునే ఉంది. తరతరాలుగా మేం అన్ని నొప్పులనూ బోరులోకి తోసేశాం. ఆ అమ్మాయి చెయ్యిపెట్టి ఒకదాన్ని బయటికి లాగింది.

గుంటూరులో ఆపరేషను చేసి, ఆ నాలుగింట్లో ఉబ్బి చింతగింజంతైన ఒక గ్రంథిని తీశారు. తీశాక పెదాల చుట్టూ చీమలు పాకినట్టుందని చెబితే, కాల్షియం తగ్గిందని మళ్లీ గోలీలే ఇచ్చారు. అవే నేను ముందే తెచ్చానని అక్కడ ఒక నర్సుకు చెప్పబోయాను. ఆమె వినలేదు. కొమరోలు బేరగాడిని రావద్దన్నాను. ఇంటికి వచ్చిన మర్నాడే మా ఆవిడ లేడిపిల్లలా లేచి, ఏ నొప్పీ లేకుండా చెంగుచెంగున పోయి రెండు బర్రెల పాలూ పితికింది.

ఇంతవరకు రాసి ఆమెకు చదివి వినిపించాను. కొడవలి పక్కన పెట్టి వింది.

"ఏందయ్యా, మర్నాడా? నెల దాకా నేను చెంబు పట్టలా. ఆ నెలంతా వచ్చి పిండిపోయింది నీ చెల్లెలు, ఆమె ఊసే లేదు. చేతుల నొప్పి పోయింది, నిజమే. మోకాళ్లవి నీళ్ల నొప్పులే, అవి పోలా. నేనేం చెంగుచెంగున పోలా, గోడ పట్టుకోని పోతాండా. అట్ల రాయి."