గాజులు తీసి కూసున్న దినం

మా మనుమరాలు పాట పాడుతదంటే నాకు సంబరం కంటె భయమే ఎక్కువ. నాట్ల కాడ పాడితే చుట్టూ ఆడోళ్ళు ఉంటరు. ఇది గట్ల కాదు. వనపర్తిల సెల్‌ఫోన్ల దుకాణం మీద పాటలు రికార్డు చేసే రూము. ఫోన్లల్ల మోగే పల్లె పాటలు గసొంటి రూములల్లనే తయారైతయట. లోపల ఇంకో చిన్న అర్ర. కిటికి లేదు, గోడలకు మందం బట్ట. "తలుపేస్తే లోపల అరిచినా బయటికి ఇనపడదవ్వా" అని ఆ రూమాయన నవ్వుకుంట చెప్పిండు.

పిల్లతోని జోడీగ పాడే పిలగాడు ముందు పోయిండు. ఆని ఎంబడి ముగ్గురు దోస్తులు లోపలికి పోయిండ్రు. ఎవ్వరు ఏమనలే. మా పిల్ల వంతు రాంగనే నేను లేచిన.

"నువ్వు ఈడనే కూసో అవ్వా. పిల్ల ఒక్కతే రావాలె. మైకు నేను సర్దుత."

"ఆ పిలగాని ఎంబడి ముగ్గురు పోయిండ్రు గద?"

"నీ గాజుల సప్పుడు మైకుల పడ్తది. ఆళ్ళకు గాజులున్నయా?"

పిల్ల నా దిక్కు చూసింది. ఎనక్కి తోలుకపోతే ఆ పాట ఇంకో పిల్లకు పోతది. ఒక్కదాన్నే పంపనీకె నా పాణం ఒప్పలే.

మా ముసలాయన గుండె జబ్బుతోని దవాఖానల ఉండి అప్పుడప్పుడే ఇంటికొచ్చిండు. మొగడు బతికుండంగ బోడి చేతులతోని ఉండుడు మా ఇండ్లల్ల లేదు. గాజులు మార్చేటప్పుడు గూడ పసుపు దారమన్న కట్టుకుంటం. పగలగొడదామంటే కొత్త గాజులాయె. బయట నల్లా కాడ సబ్బు రుద్ది ఒక్కొక్కటే లాగిన. కొంగు అంచుల దారం తెంపి రెండు చేతులకు కట్టిన. పసుపు లేదు.

"అవ్వా, తాతకేమన్న అయితే?"

"నోరు మూసుకొని పాడు."

ఇప్పుడు తలుసుకుంటే నవ్వొచ్చేటి మాటనే గాని, అప్పుడు నవ్వలే. గాజుల్లేని చేతులు ఆయనకు చూపిచ్చి లోపల మూలకు కూసున్న. తలుపు పడ్డది. మైకు సర్దుకుంట ఆయన పిల్ల భుజం మీద చెయ్యేయబోయి, నన్ను చూసి ఎనక్కి తీసుకున్నడు. పాట అయ్యేదాంక దగ్గు మింగుకుంట కూసున్న. ఇంటికాడ ముసలాయన ఎట్లున్నడో, ఈడ తలుపు ఎప్పుడు తెరుస్తరో అని రెండు భయాలు.

ఇంటికొచ్చేసరికి ముసలాయన అరుగు మీద బీడీ తాగుతుండు. నా చేతులు చూసి, "ఏందే, నేనింక పోలేదు గద!" అన్నడు. ఆడనే అరుగు మీద కూసున్న. బీడీ గుంజి పారేసే సోయి గూడ లేకపాయె.

పాట ఫోన్లల్లకు వచ్చింది. పిలగాని మొకం, పిలగాని పేరు. మా పిల్ల పేరు యాడ లేదు. కింద మంది రాసిన మాటలు చదవమంటే పిల్ల చదవలే. నేను మూడో తరగతి దాంక చదివిన. కూడబలుక్కొని రెండు మాటలు చదివి ఫోను బోర్లేసిన. ఆని గొంతు మంచిగుందట. మా పిల్లను గురించి రాసిందాంట్ల గొంతు ముచ్చటే లేదు.

మొన్న ఆ రూమాయన మల్ల ఫోన్ చేసిండు. "ఇంకో పాటుంది. ఈసారి పిల్లనొక్కదాన్నే పంపు. నువ్వు దగ్గుతవు అవ్వా."

నేను దగ్గలే.

పిల్ల పోతనంటది. సబ్బు ముక్క కాగితంల చుట్టి సంచిల పెట్టిన. దారం మాత్రం ఈసారి ఇంట్లనే పసుపు నీళ్ళల్ల ముంచి ఆరేసిన.